సున్నా మీద అరచెయ్యి

మా పెద్దమ్మ మిరపకాయను కంటితో చూసి నమ్మేది కాదు, చెవితో విని నమ్మేది. ఆమె మా అమ్మకు సొంత అక్క. హసన్‌పర్తి దాటాక ఒక ఊళ్ళో, బావి కింద ఎకరన్నర మిర్చి చేను ఆమెది. కల్లంలో ఎండుతున్న కాయల్లోంచి ఒకటి తీసి, తొడిమె పట్టుకుని, చెవి పక్కన మూడుసార్లు ఊపేది. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. మొద్దుగా మోగితే ఇంకో పూట ఎండాలి. చప్పుడే లేకపోతే ఇంకో రెండు రోజులు. డెబ్బైల్లో మా అమ్మ జబ్బుపడి దవాఖానకూ ఇంటికీ తిరిగిన రెండేళ్ళూ నేను ఆమె చేతి కూడే తిన్నాను. ఆమె ఊరి నుంచే రోజూ బస్సెక్కి హనుమకొండ హైస్కూలుకు పోయి వచ్చాను. ఆదివారం గుడిలో పూజ అయిపోయాక, మెడలో సిలువ దండ సర్దుకుని, కల్లం దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు నేర్పేది.

"ఇను బిడ్డా. ఇది ఎండింది. ఇప్పుడు ఇది ఇను. పైకి ఎండినట్టు కనవడ్తది గని లోపల పచ్చిగున్నది. అబద్ధమాడ్తాంది."

నాకు రెండూ ఒకేలా వినిపించేవి. అయినా తెలిసిందని తలూపేవాణ్ణి. ఆమెకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది.

మార్కెట్లో మిర్చి బస్తా అంటే ముందు అనుమానం, ఆ తర్వాతే బేరం. బాగా ఎండిన కాయను బస్తాలో కూరితే విరిగిపోతుంది కాబట్టి, నింపే ముందు కొద్దిగా నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. ఆ 'కొద్దిగా' అన్నది ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్ళది. బరువు పెరుగుతుందని బకెట్లతో కొట్టేవాళ్ళూ ఉంటారు. అందుకే కొనేవాళ్ళు బస్తా మూతి కోసి, అడుగుదాకా చెయ్యి పెట్టి, పిడికిట్లో నలిపి చూస్తారు. మా పెద్దమ్మ మాత్రం ఒక్క చుక్క చల్లేది కాదు. తెల్లారకముందు మంచుకు కాయ తనంతట తాను మెత్తబడే వేళ చూసుకుని నింపేది. మార్కెట్లో ఆమె సరుకును అమ్మిపెట్టే అడ్తి సేటుకు ఈ సంగతి ఏళ్ళ తరబడి తెలుసు. ఆయన మాట మీద కొనేవాళ్ళు ఆమె బస్తాలను విప్పకుండానే తీసుకునేవాళ్ళు. చదువు లేదు, పెనిమిటి పోయి చాన్నాళ్ళయింది, పిల్లలు లేరు. ఆ ఒక్క మర్యాదే ఆమె మిగుల్చుకున్నది. "నా బస్తా కుట్టింది కుట్టినట్టే పోతది" అని, తన ఇంటికి ఎవరొచ్చినా ఒక్కసారైనా అనకుండా ఉండేది కాదు.

నేనేమో ఎనభైల మొదట్లో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు అసిస్టెంటునయ్యాను. టెంపరరీ పోస్టు. చేతిలో పనితనం ఉంది, ముక్కు మీద కోపం ఉంది. నేను పెట్టిన టంకం ఊడదని కాలేజీలో పేరు. ఆ పేరు కొంచెం నెత్తికెక్కిందనే చెప్పాలి. పిల్లలు వైరు తప్పు కలిపితే వాళ్ళ ఏడుతరాలనూ తలుచుకునేవాణ్ణి.

మా ప్రొఫెసరు సారుకు ఒక ఆలోచన వచ్చింది. మిరపకాయలో తడి ఎంతుందో చెప్పే చిన్న పెట్టె చేయాలని. మార్కెట్ యార్డులో బస్తాల వరసల మధ్య ప్లగ్గులుండవు కాబట్టి అది బ్యాటరీ మీద నడవాలి, చేతిలో పట్టాలి. కిటుకు పెద్దదేమీ కాదు. రెండు ఉక్కు సూదులు బస్తాలో గుచ్చుతాం. ఎండిన కాయలోంచి కరెంటు దాదాపు పోదు, తడి ఉంటే కాస్త పోతుంది. ఆ కాస్తను పెద్దది చేసి చూపిస్తే డయలు మీద ముల్లు కదులుతుంది. డయలుకు సగం దాకా పచ్చ రంగు, మిగతా సగం ఎరుపు. నేనే స్కెచ్ పెన్నుతో దిద్దాను. పచ్చలో ఉంటే ఎండింది, ఎరుపులోకి పోతే తడి.

చిక్కంతా ఆ 'పెద్దది చేయడం'లో ఉంది. ఆ పని చేసేది ఆప్-ఆంప్ అని ఎనిమిది కాళ్ళ నల్ల బిళ్ళ. మామూలుది, మేమందరం సెవెన్ ఫార్టీ వన్ అని పిలిచేది, ల్యాబులో డబ్బా నిండా ఉండేది. పిల్లల ప్రయోగాలకు అది బంగారం. బ్యాటరీతో నడిచే మీటరుకు మాత్రం పనికిరాదు. మొదటి సంగతి, అది బ్యాటరీని కుండలతో తాగుతుంది. రెండోది అంతకన్నా చెడ్డది. వేడి తగిలితే దాని సున్నా జరిగిపోతుంది. అంటే సూదులు గాలిలో ఉన్నా, ఏమీ లేకున్నా, ఏదో ఉన్నట్టు ముల్లు పైకి లేస్తుంది. మాకు కావలసింది ఇంకో రకం. బ్యాటరీని ఉగ్గుగిన్నెతో తాగాలి, ఎండలో పెట్టినా సున్నా దగ్గర కదలకుండా కూర్చోవాలి. అలాంటివి అప్పుడప్పుడే వస్తున్నాయి. వరంగల్లో కాదు, హైదరాబాదులో కూడా మాకు దొరకలేదు. సారు బొంబాయి పోయినప్పుడు ఎవరెవరినో పట్టుకుని ఒకటంటే ఒకటి తెచ్చారు. సిగరెట్ పెట్టెలోని వెండికాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని రైల్లో తెచ్చారు.

"ఒక్కటే దొరికిందయ్యా. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకో" అన్నారు నా చేతిలో పెట్టి.

చూసుకున్నాను. రెండు నెలలు ఆ మీటరు మీదే పనిచేశాను. నడినెత్తిన ఎండలో కాలేజీ డాబా మీద పెట్టి చూశాను, ముల్లు సున్నా మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. ఒకే బ్యాటరీ నెలకు పైగా వచ్చింది. సారు మురిసిపోయి ఎనుమాముల యార్డులో చూపించడానికి రోజు ఖాయం చేసుకున్నారు. మార్కెట్ శాఖ పై ఆఫీసరు కూడా వస్తాడని, ఇది బాగా జరిగితే నా పోస్టు పర్మనెంటు చేయమని రాస్తానని చెప్పారు.

ఆ రోజుకు ముందురోజు మధ్యాహ్నం మీటరులో, ప్లస్సు మైనస్సు గుండీలు రెండూ నెత్తి మీదే ఉండే చదరపు బ్యాటరీకి తగిలించే క్లిప్పు తెగింది. చిన్న వస్తువు. స్టోరుకు పోతే స్టోర్ కీపరు మూడు కాపీల్లో రాసి సారు సంతకంతో తెమ్మన్నాడు. సారు ఊళ్ళో లేరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దరం వరండాలో పదిమంది వినేలా తిట్టుకున్నాం. హనుమకొండ చౌరస్తా దగ్గర రేడియో షాపులో అడిగితే "వచ్చే వారం రా అన్నా" అన్నాడు. అలాంటప్పుడు మేమందరం చేసే పని ఒకటుంది. పాత, చచ్చిన బ్యాటరీని చీల్చి, దాని నెత్తి మీది టోపీ ఊడదీసి, దానికే వైర్లు అతికించి క్లిప్పుగా వాడతాం. ఫుకట్ల పని అయిపోతుంది. అయితే ఒక్క మెలిక. టోపీని కొత్త బ్యాటరీ మీద బోర్లించాలి కాబట్టి ప్లస్సు ఉన్నచోటికి మైనస్సు వస్తుంది. అంటే ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేసి అతికించాలి. ఏటా కొత్తగా వచ్చే పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేది నేనే. "టోపీ తిరగబడితే రంగు తిరగబడాలె, యాది పెట్టుకోండ్రి" అని.

ఆ రోజు స్టోర్ కీపరును మనసులో ఇంకా తిడుతూనే టోపీ పీకాను. ప్లస్సు గుర్తు చూశాను, ఎర్ర వైరు అతికించాను. నా టంకం ముచ్చటగా మెరిసింది. బ్యాటరీ తగిలించి, సూదులను తడి వేళ్ళతో పట్టుకుని స్విచ్చి వేశాను. ముల్లు లేవలేదు. ఏమైందా అని నల్ల బిళ్ళ మీద వేలు పెడితే చురుక్కుమంది. అప్పటికి గానీ నాకు బోర్డు మీద నేను గీసే బొమ్మ గుర్తుకు రాలేదు. పొగ రాలేదు, వాసన రాలేదు. బొంబాయి నుంచి వెండికాగితంలో వచ్చిన పసిపిల్ల నా చేతిలోనే పోయింది.

ఎవరికైనా చెప్పాల్సింది అప్పుడే. సాయంత్రానికి సారు వచ్చేస్తారు. "సార్, తప్పయింది, ఇంకో రోజు పెట్టుకుందాం" అంటే తిట్టేవారు, అంతే కదా. నరికేవారు కాదు. కానీ నాకు భయం వేసింది. పోస్టు పోతుందన్న భయం కొంత. అంతకన్నా, పిల్లలు చేసే తప్పు నేను చేశానని చెప్పుకోవడానికి నామోషీ. వైర్లు సరిచేశాను. ల్యాబు డబ్బాలోంచి ఒక సెవెన్ ఫార్టీ వన్ తీసి చచ్చినదాని చోట పెట్టాను. కాళ్ళు ఎనిమిదీ అచ్చంగా అలాగే ఉంటాయి, లోపల ఏదుందో మూత వేస్తే ఎవడికి తెలుస్తుంది? ఫ్యాను కింద పెట్టి చూస్తే బాగానే నడిచింది. రేపు గంటసేపటి పనే కదా అనుకున్నాను. సారుకు ఏమీ చెప్పలేదు.

ఎనుమాముల యార్డులో మిర్చి రోజుల్లో అడుగు పెడితే ముందు తుమ్ము, తర్వాత దగ్గు, ఆ తర్వాతే పలకరింపు. పొద్దున బాగానే జరిగింది. అడ్తి సేటు పిడికిట్లో నలిపి తడి అన్నదాన్ని మీటరు తడి అంది, ఎండింది అన్నదాన్ని ఎండింది అంది. ఆఫీసరు తలాడించాడు. సారు నా భుజం తట్టారు. గంటలో అయిపోతుందనుకున్నది సాగింది. ఈ వరస చూడండి, ఆ వరస చూడండి అంటూ రైతులే పిలవడం మొదలుపెట్టారు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. మీటరు పెట్టె ముట్టుకుంటే కాలుతోంది.

అప్పుడు చూశాను. బస్తాలోంచి సూదులు తీశాక ముల్లు సున్నాకు రాలేదు. రెండు గీతలు పైన ఆగింది. పెట్టె పక్కన సున్నా సరిచేసే మర ఒకటుంది. దాన్ని తిప్పితే సరిపోతుంది. తిప్పాను కూడా, ఒకసారి. పదినిమిషాలకు మళ్ళీ లేచి, ఈసారి పచ్చ అంచుదాకా పోయింది. ఇంకోసారి తిప్పబోతే ఆఫీసరు నా చేతివైపే చూస్తున్నాడు. "మాటిమాటికీ తిప్పాలా దీన్ని?" అన్నాడు. సారు నా వైపు చూశారు. "లేదు సార్" అన్నాను. అని, ఏం చేశానో తెలుసా? సూదులు గాలిలో ఉన్నప్పుడల్లా, ముల్లు కనబడకుండా, డయలు మీద అరచెయ్యి పెట్టాను. ఎండ పడకుండా అడ్డం పెట్టినట్టు. ఇన్నేళ్ళయినా ఆ అరచేతిని చూసుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మా పెద్దమ్మ ఆ రోజు యార్డుకు వస్తుందని నాకు తెలియదు. ట్రాక్టరు మీద పదకొండు బస్తాలతో వచ్చిందట. ఎవరో చెబితే విని, పైట నడుముకు దోపుకుని, మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మా చెల్లె కొడుకు. గీ మిషన్ చేసింది మా పోరడే" అని దారి పొడుగునా చెబుతూనే వచ్చింది. "నాయి గూడ చూడు బిడ్డా. అందరియి చూస్తివి, నాయి చూడవా?"

అడ్తి సేటు నవ్వాడు. "నీయి చూసుడేంది అమ్మా, నీ బస్తా ఎన్నడన్న ఇప్పినమా?"

"ఇప్పుండ్రి. ఇయ్యాల ఇప్పుండ్రి. వేరేటోళ్ళు అడిగితే ఇప్పనియ్య గని, ఇది నా కొడుకు మిషన్."

తన చేత్తోనే బస్తా కుట్టు తెంపింది. ఎన్నడూ విప్పని బస్తా నాకోసం విప్పింది. వద్దని చెప్పొచ్చు, బ్యాటరీ అయిపోయిందని చెప్పొచ్చు, నూటొక్క సాకులున్నాయి. చుట్టూ జనం, ఆఫీసరు, సారు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. సూదులు గుచ్చాను, డయలు మీద నుంచి చెయ్యి తీశాను. ముల్లు ఎరుపులోకి పోయి నిలబడింది.

మూగిన తలలన్నీ డయలు మీదికి వంగాయి. తర్వాత వెనక నుంచి ఎవరో, "అమ్మ గూడ నీళ్ళు కొడ్తాందన్నట్టు" అన్నారు. కొందరు నవ్వారు. సేటు నవ్వలేదు. ఆయన బస్తాలో చెయ్యి పెట్టి నలిపి, "నాకైతే మంచిగనే అనిపిస్తాంది" అని గొణిగాడు. కానీ పొద్దుటి నుంచి మిషను ఆయన చేతితో ఒప్పుకుంటూ వచ్చింది కదా, ఇప్పుడు ఎవరి మాట గెలవాలో ఆయనకూ తెలియలేదు.

పెద్దమ్మ బస్తాలోంచి ఒక కాయ తీసింది. తొడిమె పట్టుకుని చెవి దగ్గర ఊపింది. ఇంకొకటి తీసి ఊపింది. ఆ తర్వాత దాన్ని నా చెవి దగ్గర పెట్టింది.

"ఇను బిడ్డా. గలగలమంటలేదా? నువ్వు చెప్పు."

నేను చెబితే అయిపోయేది. అక్కడ ఆ ఒక్క మాట చెప్పగలిగింది నేనొక్కణ్ణే. ఇది కాయలోని తడి కాదు పెద్దమ్మా, నా పెట్టెలోని తప్పు అని. నేనేమన్నానంటే, అదీ గొంతు కొంచెం పెంచి, చిరాకుపడుతూ అన్నాను: "చెవులు మోసం జేస్తయి గని మిషన్ అబద్ధం చెప్పది పెద్దమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. చేతిలోని కాయను మళ్ళీ బస్తాలో పెట్టి, పైట నెత్తి మీదికి కప్పుకుంది. కొనేవాళ్ళు పక్క వరసకు నడిచారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నేను చదువుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకోలేదు, నేనే చేసి చూశాను.

ఆమె ఆ బస్తాలన్నీ యార్డు గచ్చు మీద పోసి రెండు రోజులు ఆరబెట్టింది. అసలు లేని తడిని ఆరబెట్టింది. నేను అటువైపు పోలేదు. మూడో రోజు అమ్ముడుపోయాయని మా అమ్మ ద్వారా తెలిసింది. ఆ మరుసటి ఏడు నుంచి ఆమె బస్తాలను కూడా అందరివాటిలాగే మూతి కోసి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూడడం మొదలైందని కూడా తెలిసింది. "కుట్టింది కుట్టినట్టే పోతది" అన్న మాట ఆమె నోట మళ్ళీ వినలేదు.

ఇక సారు రాసిన రిపోర్టు సంగతి. అందులో మా మీటరు గొప్పదనానికి సాక్ష్యంగా ఒక వాక్యముంది. ఏళ్ళ తరబడి ఎవరూ అనుమానించని బస్తాలో కూడా తడిని పట్టుకుందని. ఆ రిపోర్టును టైపు చేసింది నేనే. నాలుగు నెలలకు నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆ తర్వాత సారు ఇంకో మంచి బిళ్ళ తెప్పించారు. కొత్తదాన్ని ఇంకో మీటరుకని తెప్పిస్తే, నేను ఎవరూ చూడకుండా పాతదానిలోనే పెట్టాను. రెండోది చేయడానికి టైము లేదని సారుకు చెప్పాను. అబద్ధానికి పిల్లలు పుడుతూనే ఉంటారు.

మూడేళ్ళు గడిచాయి. ఏటా పెద్దమ్మ మా ఇంటికి ఒక సంచి మిర్చి పంపేది. ఆ ఏడు సంచి విప్పి మా ఆవిడ అంది, "పెద్దమ్మకు ఏమైంది? కాయ ముట్టుకుంటె పొడైతాంది. రంగు గూడ పోయి తాలు లెక్క అయినయ్." నిరుడు కూడా ఇంతేనట, చెబితే నేను బాధపడతానని చెప్పలేదట. వయసు మీద పడింది అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సంచిని నేనే తీసి అటక మీద పెట్టాను.

ఈస్టరుకు ముందొచ్చే ఆ తపస్సు కాలంలో, పెద్దమ్మ ఊళ్ళో కూడా పూజ చెప్పే మా ఫాదరు దగ్గరికి పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకోవడానికి, పోయాను. ఏటా పోతాను. కోపం, తిట్లు, సోమరితనం, అవే పాపాలు వరసగా చెప్పి వస్తాను. ఆ ఏడు ఎందుకో ఇది కూడా బయటికి వచ్చింది. బ్యాటరీ టోపీ దగ్గర్నుంచి అరచెయ్యి దాకా అంతా చెప్పాను. ఫాదరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన ఎప్పుడూ అంతసేపు ఊరుకునే మనిషి కాదు.

"ఆమెకు చెప్పినవా?" అన్నారు చివరికి.

"లేదు ఫాదర్."

"పోయి చెప్పు. ఇప్పుడే పో. ఇంకో ప్రాయశ్చిత్తం నేను చెప్పను."

మరునాడే మీటరు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పెద్దమ్మ కల్లంలోనే ఉంది. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలను ఏరి పక్కన పోస్తోంది. తాలు కుప్ప మంచి కుప్పతో సమానంగా ఉంది.

"ఎన్ని దినాలాయె పెద్దమ్మా ఎండవోసి?"

"పద్నాలుగు. ఇంకో నాలుగు దినాలు ఉంచుత."

"ఇంకెందుకు? ఊపి చూడలేదా?"

"ఊపుడు బందువెట్టిన బిడ్డా." ఆమె ఏరుతూనే చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "ఆనాడు నీ మిషన్ చెప్పినంక సమజైంది, నా చెవులు పోయినయని. నాకు గలగలమన్నట్టే ఇనవడ్డది, సూస్తె లోపట తడున్నది. అప్పటి సంది ఎంత ఎండినా నమ్మబుద్ధైతలేదు. ఎప్పటి సంది చెడినయో ఏమో ఈ చెవులు. ఎంతమందికి తడి సరుకు అంటగట్టిన్నో అని అదే ఫికర్. ఫాదర్ దగ్గర గూడ చెప్పుకున్న, పాపం చేసిన అని."

ఫాదరు ఎందుకు అంతసేపు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. నా పాపాన్ని ఆమె తన పాపమని నాకన్నా ముందే పోయి మోకాళ్ళ మీద చెప్పుకుంది. ఆమె పక్కనే కాయల మీద కూలబడి మొత్తం చెప్పాను. చిన్న బిళ్ళ కాలిపోయిందని, తప్పుడుది పెట్టానని, వేడికి ముల్లు దానంతటదే లేచిందని, తెలిసీ చెయ్యి అడ్డం పెట్టానని. ఏడుస్తూనే చెప్పాను. ఆమె అంతా వింది. ఎర్రబడ్డ వేళ్ళను పైటకు తుడుచుకుని, నా చెంపలు తుడిచింది. మిర్చి చేతులవి, కళ్ళు ఇంకా మండాయి.

"ఊకో కొడుకా. నా మనసు కుదుటపడాల్నని చెప్తానవ్. నాకు తెల్వదా?"

"కాదు పెద్దమ్మా. నిజం చెప్తాన. నీ చెవులు మంచిగున్నయ్. ఆ రోజు మిషనే అబద్ధం చెప్పింది."

"మిషన్ అబద్ధం చెప్పదని నువ్వే అంటివి గద బిడ్డా" అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

మీటరు తీసి సూదులు కుప్పలో గుచ్చాను. ముల్లు పచ్చలో, సున్నాకు దగ్గరగా కూర్చుంది. ఆమె వంగి చూసింది. "ఎండినయా? అయితే ఇగ నింపుకుంట, మిషనే చెప్పె" అంది తేలికపడి. నాకు ఆ పెట్టెను బావిలో పడేయాలనిపించింది. ఒక కాయ తీసి ఆమె చెవి పక్కన ఊపాను. ఎప్పుడూ తేడా తెలియని నాకే గింజల చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఏమినవడ్తాంది చెప్పు పెద్దమ్మా."

"గలగలమన్నట్టే అనిపిస్తాంది," అంది. "గని నాకు ఎప్పుడూ అట్లనే అనిపిస్తది బిడ్డా."

ఆ కాయను నా చేతిలోంచి తీసుకుని కుప్పలో వేసింది. తర్వాత తలెత్తి రోడ్డువైపు చెవి పెట్టింది.

"బస్సు వస్తాంది. లెవ్వు, ఇది పోతె మళ్ల మాపటిదాక లేదు."

నాకేమీ వినిపించలేదు. సంచి తీసుకుని చేను గట్టు మీదుగా రోడ్డుదాకా నడిచాను. అక్కడ నిలబడి చాలాసేపు చూశాక గానీ, ఆ బస్సు హారను నా చెవిన పడలేదు.